తలదాచుకోవడం

“ఇంత తలదాచుకోటానికి చోటుంటే చాలు” అనే మాట జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్ళలో ఇప్పటికీ వినపడుతుంది. మిరపకోతలకు పిల్లాజెల్లాతో దిగిన కూలీలు అంటారు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు అద్దెకున్నవాళ్ళు అంటారు. చేలో ఉండగా గాలివాన పట్టుకుంటే గొడ్లచావిడి వైపు పరుగెత్తే రైతూ అంటాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఊరు విడిచి వచ్చినవాళ్ళూ ఇదే అంటారు. వానకూ, ఇంటి యజమానికీ, చంపడానికి తరుముకొచ్చేవాడికీ తెలుగు ఒకే క్రియను వాడుకుంది. మతం కారణంగా దేశం విడిచిన మనిషి ఆశ్రయం కోరినప్పుడు వలస ఆఫీసు కాదంటే, అప్పీలు కోర్టులో ఏ వాదం నడుస్తుందో తెలుసుకోవడానికి ఈ క్రియను విప్పి చూడడం మంచి దారి అని నాకు అనిపిస్తుంది. ఆ వాదమంతా ‘దాచు’ అనే రెండక్షరాల చుట్టూనే తిరుగుతుంది.

దాగు, దాచు జంటక్రియలు. తనంతట తాను మరుగైతే దాగడం, మరొకదాన్ని మరుగుచేస్తే దాచడం. కాగు–కాచు, తూగు–తూచు, వేగు–వేచు కూడా ఇదే అచ్చు. పాత రాతలో వీటన్నిటికీ అరసున్న ఉండేది: దాఁగు, దాఁచు. పాత కావ్యభాషలో ద బదులు డ వేసి డాఁగు, డాఁచు అనడమూ ఉంది. రూపం సంగతి అలా ఉంచితే, అర్థంలో ఈ క్రియకు రెండు ముఖాలున్నాయి. కంటపడకుండా చెయ్యడం ఒకటి: దొంగ సొత్తు దాచాడు, నిజం దాచాడు, దాపరికం. పదిలంగా ఉంచడం రెండోది: కూతురి పెళ్ళికి దాచిన డబ్బు, విత్తనానికి దాచిన గింజలు. అప్పగింతల వేళ పెళ్ళికూతురి తల్లి వియ్యపురాలి చేతులు పట్టుకుని, “మా పిల్ల తప్పులేమన్నా చేస్తే కడుపులో దాచుకోండి వదినగారూ” అంటుంది. ఆ దాచడంలో మోసం లేదు. పరాయి ఇంట అడుగుపెడుతున్న మనిషికి రక్షణ అడగడం ఉంది.

జగ్గయ్యపేట పక్కనే ఉన్న బౌద్ధస్తూపపు దిబ్బకు జనం పెట్టిన పేరు ధనంబోడు. లోపల ఎవరో ధనం దాచారన్న నమ్మకం ఆ పేరులో ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపితే బయటపడింది స్తూపం, చెక్కిన సున్నపురాతి పలకలు, ప్రాకృత శాసనాలు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, నాగచంద్రుడనే శిల్పి కొడుకు సిద్ధార్థుడు వేలగిరి మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు ఇచ్చాడని ఆ శాసనాలు చెబుతాయి. బేతవోలుకు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేర జగ్గయ్యపేట అని పేరు పెట్టడానికి పదిహేను వందల ఏళ్ళ ముందు సంగతి ఇది. ఆ కొండ మీద భిక్షువులు రోజూ పలికిన మాట ‘శరణం’. సంస్కృతంలో శరణమంటే ఇల్లు అనీ, కాపాడేవాడు అనీ రెండర్థాలు. అమరకోశం రెంటినీ చెబుతుంది. బౌద్ధంలో మనిషి తనంత తానై శరణానికి వెళతాడు. అది ఒక ప్రయాణం, ఒక నిర్ణయం. తెలుగు వాడుకలోకి వచ్చేసరికి శరణుకు మోకాళ్ళు వంగాయి. శరణు వేడడం, శరణు జొచ్చడం, ‘శరణు శరణు’ అని కాళ్ళ మీద పడడం. ఇల్లు అన్న అర్థం జారిపోయి లొంగిపోవడం మిగిలింది. శరణార్థి అన్న మాటలో నాకు నచ్చనిది అదే. కోర్టుకు వెళ్ళినవాడు దయ అడగడం లేదు. ఆఫీసు తన దరఖాస్తును చట్టప్రకారం చూడలేదని వాదిస్తున్నాడు.

పత్రికల్లో ఎక్కువగా కనిపించే మరో మాట కాందిశీకుడు. పలకడానికి గట్టిగా ఉంటుంది గాని, దీని లోపల ఒక ఆర్తనాదం ఉంది. ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు?’ అని. ఎటు పోవాలో తెలియక పరుగెత్తేవాడి నోటి ప్రశ్నే అతడి పేరైంది. అమరకోశం ఈ మాటకిచ్చిన అర్థం, భయంతో పారిపోయినవాడు. 1951 జూలై 28న జెనీవాలో ఆమోదించిన కాందిశీకుల ఒడంబడిక కూడా నిర్వచనానికి భయాన్నే మూలంగా పెట్టుకుంది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెంది ఉండడం, రాజకీయ అభిప్రాయం — ఈ ఐదు కారణాల్లో ఏదో ఒకదానివల్ల తనను హింసిస్తారన్న భయం, దానికి తగిన ఆధారం, స్వదేశపు రక్షణ దొరకని స్థితి ఉండాలంది. అమరకోశం రాసిన అమరసింహుడు చెప్పని ‘ఆధారం’ దగ్గరే వ్యాజ్యాలన్నీ పుడతాయి. ఆధారం ఎంత ఉండాలి? నికరాగ్వా స్త్రీ ఒకరు వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1987 మార్చి 9న, కీడు జరిగే అవకాశం సగానికి మించి ఉండనక్కర్లేదని, పదింట ఒక వంతున్నా ఆ భయం ఆధారమున్నదే కావచ్చని చెప్పింది. ఊళ్ళో పదిమందిలో ఒకణ్ణి చంపుతారంటే మిగతా తొమ్మిదిమందీ ఆ రాత్రి నిద్రపోరు గదా!

తెలుగులో దిక్కు అన్న మాటకూ రెండర్థాలున్నాయి. తూర్పు పడమరలూ దిక్కులే, ఆదుకునే మనిషీ దిక్కే. “నాకెవరు దిక్కు?” అన్నవాడు దారీ అడుగుతున్నాడు, తోడూ అడుగుతున్నాడు. కాందిశీకుడి సంస్కృతపు ప్రశ్నకు మన భాష తెలియకుండానే జవాబు సిద్ధం చేసి పెట్టుకుందన్నమాట.

నందిగామ తాలూకా పాత పటం చూసినవాళ్ళకు ఈ మాటలు నిఘంటువులో మిగిలినవిగా అనిపించవు. మునగాల పరగణా చుట్టూతా నైజాం రాజ్యం. పరగణా మాత్రం ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లాలో, నందిగామ తాలూకాలో భాగం. ఇటు కంచికచర్ల దగ్గర పరిటాల జాగీరు చుట్టూతా ఇంగ్లీషు రాజ్యం. జాగీరు మాత్రం నైజాముది. ఒక రాజ్యపు చట్టం నుంచి మరో రాజ్యపు చట్టంలోకి నాలుగు చెలకలు దాటితే చాలు. మునగాల దివాను కొమర్రాజు లక్ష్మణరావు పుట్టింది ఈ తాలూకాలోని పెనుగంచిప్రోలులోనే, 1877లో. నైజాంలో తెలుగుకు అంతగా ఆదరణ లేని కాలంలో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నిలబడడానికి చేయూతనిచ్చింది ఆయన, మునగాల రాజా నాయని వెంకటరంగారావు. భాష కూడా ఒక్కోసారి సరిహద్దు ఇవతలివాళ్ళ అండ చూసుకుని తలదాచుకుంటుంది.

1947 ఆగస్టు తరువాత పదమూడు నెలలు నైజాం ఎటూ చేరకుండా ఉన్నప్పుడు, రజాకార్ల దాడులకు భయపడిన కుటుంబాలు అటునుంచి కృష్ణా జిల్లా మెట్టలోకి తరలివచ్చాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం బెజవాడ రోడ్డు మీదుగా కోదాడ వైపు దాటింది. నాలుగు రోజుల్లో నైజాం లొంగిపోయాడు. ఆ తరువాత పరుగెత్తవలసిన వంతు సంస్థానంలోని మామూలు ముస్లింలది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని అంచనా వేసింది. మరాఠీ, కన్నడ జిల్లాల్లో ఎక్కువ ఘోరం జరిగిందని, బలవంతపు మతమార్పిళ్ళు కూడా జరిగాయని రాసింది. ఏడాది తిరిగేలోగా మతం పేరిట తరిమినవాళ్ళూ తరమబడినవాళ్ళూ తారుమారయ్యారు. రెండు గుంపులకూ కావలసింది ఒకటే, తలదాచుకోను చోటు. అప్పుడు దరఖాస్తు లేదు, తీర్పు లేదు. పంచన చేరినవాణ్ణి ఉంచుకోవాలా వద్దా అన్నది ఇంటి పెద్ద తేల్చేవాడు. కొందరు ఉంచుకున్నారు, కొందరు తలుపేసుకున్నారు.

ఇక ‘తల’ సంగతి. తెలుగులో తల అంటే ఒక మనిషి. తలా రెండు ముద్దలు, తలసరి ఆదాయం, తలరాత. గుంపుగా వచ్చినవాళ్ళను ఊరు గుంపుగానే చూస్తుంది గాని, నేటి ఆశ్రయ చట్టం తలవారీగా చూస్తుంది. నీ దేశంలో నీ మతంవాళ్ళకు కష్టమున్నదన్నది చాలదు, నీకేం జరిగింది, రేపు నీకేం జరగబోతోంది చెప్పమంటుంది. ఫిజీ కథ చూడండి. 1903 తరువాత మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి చెరుకుతోటలకు వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1941 నాటికి వాళ్ళు అక్కడ దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. 1987 మే 14న సైనికాధికారి రబూకా ప్రభుత్వాన్ని పడగొట్టాడు. భారతీయ సంతతి మీద దౌర్జన్యాలు సాగాయి. ఆదివారం వ్యాపారాలూ ఆటలూ కూడదని ఆజ్ఞ వచ్చింది. 1989లో లౌతోకాలో గుళ్ళకూ మసీదుకూ గురుద్వారాకూ నిప్పు పెట్టారు. వేల కుటుంబాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, అమెరికా దారి పట్టాయి.

అమెరికా చేరినవాళ్ళలో చాలామంది దరఖాస్తులను అక్కడి వలస అప్పీళ్ళ బోర్డు తోసిపుచ్చింది. ఫిజీలో పరిస్థితులు చక్కబడ్డాయన్నది తరచుగా చెప్పిన కారణం. వాళ్ళు తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టుకు వెళ్ళారు. కొందరు ఓడిపోయారు. కొన్ని గంటల నిర్బంధం, నాలుగు దెబ్బలు ‘హింస’ అనిపించుకునేంత తీవ్రమైనవి కావని ఆ కోర్టే 1995లో ఒకరిని తిప్పి పంపింది. 2001లో మరో హిందూ కుటుంబం కేసు వచ్చింది. సైనికుల నిర్బంధం, చిత్రహింస, ఇంటికి నిప్పు. కారణాల్లో రాజకీయమూ మతమూ పెనవేసుకుని ఉన్నాయి. జరిగింది ఘోరమేనని బోర్డు ఒప్పుకుంది గాని, ఆ దెబ్బల వల్ల ఇప్పటికీ మిగిలిన అంగవైకల్యం చూపలేదంది. చట్టంలో లేని ఆ షరతును బోర్డు ఎక్కడినుంచి తెచ్చిందని కోర్టు నిలదీసి, ఆ తీర్పును కొట్టేసింది. తల మీద గాయం కనపడకపోతే తలకు ఆపద రాలేదనడం ఏ భాషలో న్యాయమవుతుంది?

మతం కేసులన్నిటిలో నన్ను ఎక్కువగా వెంటాడేది మాత్రం ఇంకొక రకం నిరాకరణ. “నీ మతాన్ని నువ్వు బయటికి చూపకుండా ఉంటే నీకేమీ కాదు, వెనక్కి వెళ్ళి జాగ్రత్తగా ఉండు” అని చెప్పే నిరాకరణ. తలదాచుకుంటానని వచ్చినవాడికి మతం దాచుకోమని సలహా! పాకిస్తాన్‌లో 1984 నాటి ఆర్డినెన్సు ప్రకారం అహ్మదీ శాఖవాడు తనను ముస్లింనని చెప్పుకుంటే, తన మతాన్ని ప్రచారం చేస్తే, మూడేళ్ళ దాకా జైలు. అక్కడినుంచి జర్మనీ వెళ్ళిన ఇద్దరు అహ్మదీల దరఖాస్తులను అక్కడి వలస కార్యాలయం కాదంది. జర్మన్ న్యాయశాస్త్రంలో అప్పటికి చాలాకాలంగా ఒక భావన నడుస్తోంది: మనిషికి ‘కనీస మతజీవనం’ మిగిలితే చాలు, అంటే ఇంట్లో, తనవాళ్ళ మధ్య ప్రార్థన చేసుకోగలిగితే చాలు, వీధిలోకి తేవడం కాపాడదగ్గ సంగతి కాదని. ఆ కేసు లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2012 సెప్టెంబరు 5న ఆ కోర్టు ఈ గోడను పడగొట్టింది. మతాచరణకు అడ్డొచ్చిన ప్రతి ఆంక్షా హింస కాదు, తీవ్రత ఉండాలి అంటూనే, తిరిగి వెళ్ళాక ఆచారం మానుకుని ఆపద తప్పించుకోమని ఏ మనిషినీ అడగడానికి వీల్లేదని తేల్చింది. 2003లో ఆస్ట్రేలియా హైకోర్టు, 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమికుల కేసుల్లో ఇదే మెట్టు ఎక్కాయి: దాక్కుని బతకవలసి రావడం రక్షణ కాదు, అదే హింసకు గుర్తు.

దాచు అన్న క్రియలో రెండు ముఖాలున్నాయని ఇందాక అనుకున్నాం. నిరాకరించిన అధికారి మొదటి ముఖాన్నే చూశాడు. కంటపడకపోతే పదిలంగా ఉన్నట్టే అనుకున్నాడు. తెలుగు వాడుక అంత తేలిగ్గా మోసపోదు. తలదాచుకున్నవాడు కొంతకాలానికి తలెత్తుకుని తిరగాలని కోరుకుంటాం. తలదాచుకోవడానికి గమ్యం తలెత్తుకోవడమే. 1951 ఒడంబడిక నాలుగో అధికరణం ఈ సంగతిని మరిచిపోలేదు: కాందిశీకుల మతస్వేచ్ఛకు ప్రతి రాజ్యమూ తన పౌరులకిచ్చే దానికన్నా తక్కువ కాని స్థానం ఇవ్వాలంది.

ఇదే క్రియకు ఇంకో మెలిక ఇంటర్వ్యూ గదిలో పడుతుంది. ఇన్నేళ్ళూ దాచి బతికినవాణ్ణి కూర్చోబెట్టి, దాపరికం లేకుండా మొదటిరోజే అంతా చెప్పమంటారు. చెప్పనిది తరువాత చెబితే కట్టుకథ అంటారు. అమెరికాలో 2005 చట్టం వచ్చాక, కేసుకు ప్రాణమైన సంగతిలో కాకపోయినా, చిన్న తేడా దొరికినా జడ్జి నమ్మకపోవచ్చు. స్వీడన్‌లో ఆశ్రయం కోరిన ఒక ఇరాన్ పౌరుడు రాజకీయ కారణాలు చెప్పాడు. ఈలోగా క్రైస్తవం పుచ్చుకున్నాడు. అది తన అంతరంగ విషయమని, దాన్ని కేసుకు ఆధారంగా వాడుకోనని అధికారులతో అన్నాడు. వాళ్ళు దరఖాస్తును కాదన్నారు. తరువాత ఆ మతమార్పిడినే చూపి అడిగినా కేసు తిరిగి తెరవలేదు. 2016 మార్చి 23న స్ట్రాస్‌బర్గ్ మానవహక్కుల న్యాయస్థానం పెద్ద ధర్మాసనం, ఆయన రాజకీయ కారణాలను తోసిపుచ్చడం సబబేనంది. అయితే మతం మారిన సంగతి అధికారులకు తెలిశాక, ఆయన అడిగినా అడక్కపోయినా దానివల్ల వచ్చే ఆపదను వాళ్ళే తూచి చూడాలని, చూడకుండా పంపితే ప్రాణహక్కును కాలరాసినట్టేనని చెప్పింది. నా లెక్కన ఇది ‘దాచు’ రెండో అర్థానికి దక్కిన గెలుపు. ఆయన తన విశ్వాసాన్ని విత్తనంలా దాచుకున్నాడు; సిగ్గుపడో భయపడో కాదు.

నందిగామ వైపు చర్చిల్లో “నేను ఫలానా ఏట రక్షణ పొందాను” అంటారు. మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నానని దానర్థం. పరాయి దేశపు ట్రిబ్యునల్లో ఒక తెలుగు క్రైస్తవుడు ఇదే మాట అంటే, దుబాసీకి ఆ వాడుక తెలియకపోతే, ప్రభుత్వ రక్షణ దొరికిందని అనువదించే ప్రమాదం ఉంది. స్వదేశంలోనే రక్షణ దొరికినవాడికి ఆశ్రయం ఎందుకన్న ప్రశ్న ఆ వెంటనే వస్తుంది. తెలుగు బైబిలు కీర్తనల్లో దేవుణ్ణి ‘దాగుచోటు’ అన్నారు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్న జగ్గయ్యపేట ముస్లింలు పనాహ్ అంటారు. ధనంబోడు మీద శరణమన్నారు. మతానికొక మాట ఉన్నా, అందరి ఇంటి చూరు కిందా నడిచేది తలదాచుకోవడమే.

చివరికి ‘కొను’. తలదాచుకొనడం ఎవరికి వారు తమకోసం చేసుకునే పని. కాని చోటు ఇంకొకరిది. అందుకే తెలుగులో దీనికి ఎదురుక్రియ ‘తలదాచుకోనివ్వడం’. ఇవ్వడం ఉన్నచోట ఇవ్వకపోవడమూ ఉంటుంది, ఇవ్వనన్నవాడు కారణం చెప్పాలి, ఆ కారణం మీద పైవాడి దగ్గర వాదించుకోవచ్చు. అప్పీలంటే ఇంతే. భారతదేశం 1951 ఒడంబడిక మీద గాని దాని అనుబంధమైన 1967 ప్రోటోకాల్ మీద గాని సంతకం చెయ్యలేదు. మనకు ఆశ్రయ చట్టమే లేదు. 1996 జనవరి 9న సుప్రీంకోర్టు అరుణాచల్‌లో తలదాచుకున్న చక్మాల కేసులో రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పరదేశీయులకూ వర్తిస్తుందని చెప్పింది. ఆ చక్మాలు బౌద్ధులు. 2015లో కేంద్రం పాస్‌పోర్టు నిబంధనలను సవరిస్తూ మతహింస, మతహింస భయం అన్న మాటలను మన చట్టపు భాషలోకి తెచ్చింది. 2019 పౌరసత్వ సవరణ ఆ దారినే నడిచింది. ఆ మాటలు మూడు దేశాలకు, ఆరు మతాలకు పరిమితం. అహ్మదీ అందులో లేడు, రోహింగ్యా లేడు. భయానికి మతం చూసి కొలత పెట్టడం నాకు సమ్మతం కాదు.

హైదరాబాదు బాలాపూర్‌లో రేకుల షెడ్లలో ఉంటున్న రోహింగ్యాలు మయన్మార్ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకు మన ప్రభుత్వం ‘నీ దరఖాస్తు నిరాకరించాం, ఇవీ కారణాలు’ అని కాగితం ఇవ్వదు, ఎందుకంటే దరఖాస్తు పెట్టుకోవడానికే చట్టం లేదు. నిరాకరణ లేనిచోట అప్పీలు ఉండదు, రిట్లు మాత్రమే ఉంటాయి. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు జమ్మూ రోహింగ్యాల విషయంలో 14, 21 అధికరణాలు అందరివీ అని ఒప్పుకుంటూనే, దేశం నుంచి పంపెయ్యకుండా ఉండే హక్కు పౌరులదేనని, పద్ధతి ప్రకారం పంపవచ్చునని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. శశి థరూర్ 2015లోనూ 2022లోనూ లోక్‌సభలో పెట్టిన ఆశ్రయ బిల్లులు చట్టాలు కాలేదు. ఎప్పటికైనా అలాంటి చట్టం వస్తే, దానికో తెలుగు ప్రతి వస్తుంది. అసలు మాటకు ‘ఆశ్రయం’ అనే రాస్తారు, రాయనివ్వండి. మతం సంగతి చెప్పే సెక్షన్ కింద మాత్రం, నమ్మినదాన్ని దాచుకోవలసిన పని లేకుండా తలదాచుకునే హక్కు అని వివరణ రాయాలని నా విన్నపం. అలా రాస్తే నందిగామ మెజిస్ట్రేటు కోర్టు గుమాస్తాకూ, బాలాపూర్‌లో రేకుల కింద ఉన్న మనిషి తరఫున వకాలత్ వేసే ప్లీడరుకూ నిఘంటువు వెతుక్కోవలసిన అవసరం రాదు.